ఆరవ బావి పిట్టగోడ

మే 6, మంగళవారం

ఈ నోటుపుస్తకాన్ని నేను తప్ప మరొకరు చదవరు. అయినప్పటికీ ముందుగా నా తెలుగు పేదరికానికి క్షమాపణ చెప్పుకోవడం మర్యాద అని భావిస్తున్నాను. పగలు పనిచేసి, రాత్రి బడిలో చదివి, నలభై ఐదవ ఏట పట్టా పుచ్చుకున్నవాడి భాష ఇది. సగం ఆఫీసు ఉత్తరాల నుంచి, సగం నిద్రమత్తులో విన్న పాఠాల నుంచి వచ్చింది. "మీ వాక్యాలు బూట్లు విప్పకుండా మంచమెక్కినట్టు ఉంటాయండీ," అంటుంది నా భార్య. ఆమె ఎనిమిదవ తరగతి వరకే చదివింది. ఆ పోలిక నాకు తట్టలేదే అని కొంత బాధ కలిగింది.

ఉదయం ఐదు గంటలకు వంటగది బల్ల దగ్గర కూర్చుని వ్రాస్తున్నాను. నిన్న పెద్దసారు నాకొక బాధ్యత అప్పగించారు. ఊరి చివర చెత్త పూడ్చే గుంత తవ్వడానికి అనుమతి కోరుతూ మా సంస్థ ఒక పర్యావరణ నివేదిక తయారుచేసింది. దాని మీద ప్రజలు పంపిన అభ్యంతరాలు పదకొండు వందల నలభై రెండు. ప్రతిదానికీ జవాబు వ్రాసి, పుస్తకంగా కుట్టించి, ఈ నెల ముప్పైలోగా అనుమతుల కమిటీకి అందజేయాలి.

"తప్పు లేకుండా రాసేవాళ్ళు ఈ ఆఫీసులో మీరొక్కరే," అన్నారు పెద్దసారు. "ఇది అయిపోగానే మీ సెక్షన్ ఆఫీసరు ఆర్డరు మీద సంతకం పెట్టేస్తాను."

ఇంతటి బాధ్యత మోసేవాడు దాని గురించి ఎక్కడైనా వ్రాసి పెట్టుకోవాలి. అందుకే ఈ పుస్తకం.

మే 8, గురువారం

అభ్యంతరాలు పదకొండు వందలైనా బాధలు పద్నాలుగే. దుమ్ము, కంపు, ఈగలు, లారీలు, చప్పుడు, నీరు, ఇలా. కాబట్టి పద్నాలుగు జవాబులు సిద్ధం చేసి, ఏ అభ్యంతరానికి ఏ అంకె సరిపోతుందో ఆ అంకె వేస్తే చాలునని ప్రతిపాదించాను. పెద్దసారు మెచ్చుకున్నారు. రెండు రోజులు శ్రమించి పద్నాలుగింటినీ నేనే కూర్చాను. తొమ్మిదవది అన్నిటిలోకీ బాగా వచ్చింది:

"భూగర్భ జలమట్టం శిక్షణ పొందిన సిబ్బందిచే నిర్ణీత పద్ధతిలో కొలవబడినది. గుంత అడుగుకూ నీటిమట్టానికీ మధ్య ఉండవలసిన ఆరడుగుల కనీస దూరం పాటింపబడుచున్నది. ఆందోళన అనవసరము."

ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు. ఒక్క మాట తక్కువా లేదు.

మే 9, శుక్రవారం

ఈ రోజు నూట ఎనభై పూర్తి. నా ఎదుటి బల్ల దగ్గర పటాలు గీసే ఆవిడ కూర్చుంటుంది. ఆఫీసులో నన్ను 'వ్యాకరణం గారూ' అని మొదట పిలిచింది ఆవిడే. ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తున్నారు. నాకు అభ్యంతరం లేదు.

నూట పన్నెండవ ఉత్తరం చదివి ఆవిడకు వినిపించాను. "మీరు ఎలాగూ ఇది చదవరని నాకు తెలుసు. కనుక ఇదే కాగితం మీద నా బావమరిదిని కూడా తిడుతున్నాను." ఆ తరువాత పేజీన్నర బావమరిది గురించి. గుంత ప్రస్తావన చివర ఒక్క వాక్యం.

"దానికేం వేస్తారు?" అంది.

"పద్నాలుగు. అభిప్రాయం నమోదు చేసుకోబడినది."

"పాపం ఆ బావమరిది! అతని మీద ఫిర్యాదు ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కిపోయింది కదండీ," అని బల్ల మీద తల పెట్టి నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చాక కొంచెం నవ్వాను.

మే 12, సోమవారం

నాలుగు వందల పదిహేడు.

గీతల నోటుపుస్తకం నుంచి చింపిన కాగితం. పేరు, చిరునామా ఉన్న పై భాగాన్ని నమోదు గుమాస్తా కత్తిరించి వేరే ఫైల్లో పెడతాడు. మాకు అంకె మాత్రమే తెలియాలని నియమం. మిగిలినది ఇది:

"అయ్యా, మీ పుస్తకంలో ఆరో బావిలో నీళ్ళు పదిహేడు అడుగుల లోతున ఉన్నాయని రాశారు. కొలిచిన రోజున టేపు పై కొస పట్టుకున్నది నేనే. పిట్టగోడ మీద ఆనించి పట్టుకున్నాను. అక్కణ్ణించి పదిహేడు. నేల మీద నుంచి కాదు. కొలిచినవారు ఆ రోజు వేరే తొందరలో ఉన్నారు. గోడ ఎత్తు తీసేశారో లేదో ఒక్కసారి చూసుకోగలరు. ఈ వీధికి కుళాయి లేదు. తాగేది ఈ నీళ్ళే."

తలకట్లు అక్షరాలకు ఆనలేదు. ప్రతి అక్షరం మీద గొడుగు పట్టినట్టు, కొంచెం పైన ఉన్నాయి.

చేతివ్రాతలు ఒకలాగే ఉండవచ్చు. లోకంలో ఎందరో తలకట్టు పైకి వేస్తారు.

సాంకేతిక పరిజ్ఞానం లేనివారికి ఇటువంటి అనుమానాలు సహజం. పిట్టగోడ ఎత్తు తీసివేయడం కొలతల పనిలో మొదటి పాఠం. మూడేళ్ళ క్రితం వరకు, అంటే పట్టా వచ్చి నివేదికల విభాగానికి మారేవరకు, ఆ పని నాది. కొత్తవారికి నేర్పినదీ నేనే. ఆ వీధిలోని పదకొండు బావులనూ నేనే కొలిచాను.

తొమ్మిది వేశాను.

మే 13, మంగళవారం

నేను ఎప్పుడూ గోడ ఎత్తు తీసివేస్తాను.

మే 14, బుధవారం

ఎప్పుడూ తీసివేస్తాను. మర్చిపోయే మనిషిని కాను. రాత్రి బడిలో మూడేళ్ళలో ఒక్క రోజు హాజరు తప్పలేదు.

ఈ రోజు రెండు వందల పది అభ్యంతరాలు పూర్తి. "చెత్త గుంత అంత మంచిదైతే మీ సారు పెరట్లో తవ్వుకోండి" అన్నవి ఇరవై ఆరు. వాటికి పద్నాలుగు.

మే 15, గురువారం

మొదటి ఐదు వందల జవాబులు ఈ రోజు తపాలాలో వెళ్ళాయి. ఉత్తరం వ్రాసిన ప్రతివారికీ ఒక నకలు పంపాలని నియమం. కవర్ల మీద చిరునామాలు అంటించేది నమోదు గుమాస్తా. నేను చూడలేదు. చూడవలసిన అవసరం లేదు.

మే 16, శుక్రవారం

పాత కొలతల పుస్తకం నా భార్య కుట్టు మిషను కింది అరలో దొరికింది. దానిని ఆఫీసులో అప్పగించి ఉండవలసింది. కొత్త పదవి హడావిడిలో ఇంటికి వచ్చేసినట్టుంది. పైన కత్తిరింపు ముక్కలు పేర్చి ఉన్నాయి.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా అది?" అంది మిషను ఆపకుండా.

"చిన్న సందేహ నివృత్తి," అన్నాను.

"అంటే?"

"ఏమీ లేదు."

ప్రతి బావికీ మూడు గళ్ళు. టేపు కొలత, గోడ ఎత్తు, నికర లోతు. నా అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. ఒకటి నుంచి ఐదు వరకు మూడు గళ్ళూ నిండి ఉన్నాయి. ఏడు నుంచి పదకొండు వరకు నిండి ఉన్నాయి.

ఆరవ బావి. టేపు కొలత 17. గోడ ఎత్తు గడి ఖాళీ. నికర లోతు 17. ప్రక్కన అంచులో, నా చేతివ్రాతలోనే, గడి దాటి పెద్ద అక్షరాలతో ఒక మాట: "పాస్".

ఆ రోజు నాకు గుర్తుంది. మర్చిపోగలనా? ఆరవ బావి మా అక్క ఇంటిది. గుంతకు అన్నిటికంటే దగ్గరి బావి. అక్క పిట్టగోడ మీద మోచెయ్యి ఆనించి టేపు కొస పట్టుకుంది. నేను తూకపు గుండు నీటికి తగిలేవరకు వదిలి "పదిహేడు" అన్నాను. అప్పుడే ఫోను మ్రోగింది. రాత్రి బడి ప్రిన్సిపాలు. ఫలితాలు వచ్చాయన్నారు. ద్వితీయ శ్రేణి. అక్క టేపు వదిలేసి నా తల రెండు చేతులతో పట్టుకుంది. టేపు బావిలో పడబోతే ఇద్దరం కలిసి లాగాం. బావి దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు అలా గంతులేయడం చూసి వీధిలోవాళ్ళు ఎవరో పడ్డారనుకుని పరుగెత్తి వచ్చారు.

గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన తీసివేయలేదని అనలేము. మనస్సులోనే తీసివేసి నికర సంఖ్యను రెండు చోట్లా వ్రాసి ఉండవచ్చు.

ఉండవచ్చు.

మే 18, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. చాలా రోజులైందని చెప్పాను. అది నిజమే.

అక్క పెరట్లో మొక్కలు పెంచి అమ్ముతుంది. నల్ల సంచుల్లో వరుసగా, బడి పిల్లల్లా నిలబెట్టి ఉంటాయి. బావ పోయినప్పటి నుంచి ఆ సంచులే ఆమె జీవనం. ఆ సంచులకు నీళ్ళు ఆ బావివే. అమ్మ పనికి వెళ్ళిపోతే నాకు బొగ్గుముక్కతో వంటింటి గచ్చు మీద అక్షరాలు దిద్దించినది ఆమె. తలకట్టు అక్షరానికి ఎందుకు ఆనించవని అడిగితే, "ఊపిరాడొద్దురా వాటికి?" అనేది.

తపాలా ఇంకా చేరినట్టు లేదు. అక్క ఏమీ అడగలేదు. ఆమె లోపల టీ పెడుతుండగా బావి దగ్గరకు వెళ్ళి, పిట్టగోడను నేల నుంచి జానలతో కొలిచాను. నాలుగు జానలకు బెత్తెడు తక్కువ. రెండు ముప్పావు అడుగులు.

"ఏరా, గోడకి జ్వరం చూస్తున్నావా?" అంది వెనక నుంచి.

"సున్నం వేయించావా అని చూస్తున్నాను."

"ఆహా." టీ గ్లాసు నా చేతికిచ్చి, తనూ గోడ మీద ఆనుకుంది. సరిగ్గా అదే చోట, అదే మోచెయ్యి. "చిక్కిపోయావు రా. పని ఎక్కువగా ఉందా?"

"ఉంది."

"మా వీధివాళ్ళు రాసినవన్నీ నీ దగ్గరికే వస్తాయటగా?"

"నా దగ్గరికే."

"అయితే మంచిదే," అంది. బస్సు వరకు వచ్చి, కిటికీలోంచి ఒక మొక్క నా ఒళ్ళో పెట్టింది. ఏ మొక్కో చెప్పలేదు.

లెక్క వ్రాస్తున్నాను. వ్రాసి చూస్తే గాని నమ్మబుద్ధి కాదు. గుంత లోతు పది అడుగులు. నీరు పదిహేడు అయితే మధ్యన ఏడు. ఆరు చాలు కనుక అనుమతి. పదిహేడులో రెండు ముప్పావు పోతే పద్నాలుగుంపావు. మధ్యన నాలుగుంపావు. అనుమతి లేదు.

పుస్తకంలో ఉన్న లెక్కలు సరిగానే ఉన్నాయి. ఒక్క గడి తప్ప.

మే 20, మంగళవారం

పెద్దసారు గదిలోకి వెళ్ళాను. మాటలు ముందే కూర్చుకుని వెళ్ళాను. అవి అక్కరకు రాలేదు.

"నాలుగు వందల పదిహేడు సార్. ఆరవ బావి కొలతలో ఒక అనుమానం ఉంది."

కళ్ళజోడు తీశారు. "అనుమానమా? తప్పా?"

"అనుమానం" అన్నాను.

"అనుమానానికి మనం ఏమీ చెయ్యక్కర్లేదండీ. తప్పయితేనే చెయ్యాలి. తప్పు అన్నామా, ఎవరి తప్పు అంటారు. కొలిచిందెవరు?"

"నేనే సార్."

"సంతకం?"

"నాదే."

"మరి?" అని కుర్చీ ముందుకు జరిపారు. గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచరు. "కూర్చోండి. టీ చెప్పనా? చూడండి, మిమ్మల్ని టేపు పట్టుకుని ఎండలో తిరిగే పని నుంచి ఈ ఫ్యాను కిందికి తెచ్చింది మీ పట్టా. కష్టపడి తెచ్చుకున్నారు. రేపు పేపర్లో 'గోడ ఎత్తు తీసెయ్యడం రాని గ్రాడ్యుయేటు' అని పడిందనుకోండి, నాకే మనసుకు బాధగా ఉంటుంది. మీకెలా ఉంటుందో ఆలోచించుకోండి. పదకొండు బావుల్లో ఒకటి. గుంతకి అడుగున ప్లాస్టిక్ పొర వేస్తున్నాం కదా."

ఆ పొర గురించి మూడవ అధ్యాయంలో వ్రాసినది నేనే. పదేళ్ళు మన్నుతుందని వ్రాశాను. గుంత మాత్రం ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

"కమిటీ ఒక ధ్రువపత్రం అడుగుతోంది," అన్నారు. "కొలతలన్నీ మళ్ళీ సరిచూశామని. రేపు మీరే ఒక సంతకం పెట్టేయండి. కొలిచిన మనిషే పెడితే దానికో విలువ."

టీ తాగాను. చక్కెర లేదు. అడగలేదు.

మే 21, బుధవారం

సంతకం పెట్టాను.

మే 22, గురువారం

తొమ్మిది వందల అరవై నాలుగు వరకు పూర్తి. ధ్రువపత్రం భాష నాది కాదు. "మరియొకసారి సరిచూడబడినవి" అని ఉంది. ఎవరు సరిచూశారో అందులో లేదు. ఆ మేరకు అది అబద్ధం కాదు.

మే 23, శుక్రవారం

ఉదయం నా భార్య చొక్కాకు బొత్తాలు కుడుతూ ఉన్నట్టుండి అంది: "ఏమండీ, చొక్కా పొట్టిగా కుట్టేసి, మీరే పొడుగయ్యారండీ అంటే ఊరుకుంటారా ఎవరైనా?"

"ఎవరి చొక్కా?"

"ఎవరిదో ఒకరిది," అని దారం కొరికింది.

ఈ పుస్తకం బియ్యపు డబ్బా వెనక దాస్తున్నాను. పదహారవ తేదీ పేజీ అంచున నూనె మరక ఒకటి ఉంది. వేలిముద్రలా ఉంది. నా వేళ్ళకు నూనె అంటదు. బహుశా డబ్బాది.

మే 26, సోమవారం

అక్క ఆఫీసుకు వచ్చింది.

ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. సందర్శకుల బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రిలో కూర్చున్నట్టు కూర్చుంది. నేను వెళ్ళగానే సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. తొమ్మిదవ జవాబు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అందరికీ ఒకే జవాబు అక్కా. పద్ధతి అది."

"చాలా బాగా రాశావురా. రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు." ఎగతాళి కాదు. నిజంగానే మెచ్చుకుంది. అదే భరించలేకపోయాను. "అనవసరము అంటే, నన్ను కంగారు పడొద్దంటున్నావు. అంతేగా?"

ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని మళ్ళీ నాలుగు మడతలు పెట్టాను.

"నువ్వే చూస్తావని తెలిసే రాశానురా చిన్నోడా. కొలిచింది మా తమ్ముడే అని రాయలేదు చూశావా? వేరేవాళ్ళ కంట పడితే నీకు మాట వస్తుందని. నువ్వు చూసి, ఎవరికీ తెలీకుండా సరిచేసేస్తావనుకున్నా."

"అది ఒక్కడి చేతిలో ఉండేది కాదు."

"నీ ఉద్యోగానికేమైనా అవుతుందా?"

నేను గోడ మీది గడియారం వంక చూశాను. అక్క కూడా చూసింది.

"అదేదో ముందే అడగాల్సింది నేను," అంది. "ఓ కాగితం ఇవ్వు. వాపసు తీసుకుంటా."

"అక్కా, నీళ్ళు..."

"నీళ్ళకేముంది, ట్యాంకరు వస్తుంది. మొక్కలంటావా, నాకూ వంగి లేచే ఓపిక తగ్గింది, మానేస్తా. ఒరే, నువ్వు నలభై ఐదేళ్ళకి పాసయ్యావు. నేను టేపు పట్టుకుని ఉండగా పాసయ్యావు. ఆ రోజుని ఈ బావిలో పడేసుకోమంటావా? ఇవ్వు కాగితం."

నా బల్ల దగ్గర, నా కుర్చీలో కూర్చుని, నా కలంతో వ్రాసింది. నాలుగు వందల పదిహేడు అభ్యంతరం వాపసు తీసుకుంటున్నాను, నాకే గుర్తు లేదు, పెద్దదాన్ని. తలకట్లన్నీ పైన, గొడుగుల్లా. మా అక్కకు అన్నీ గుర్తుంటాయి. నేను ఏ దంతం ఏ రోజు ఊడగొట్టుకున్నానో చెప్పగలదు.

"అందినట్టు ముద్ర వెయ్యవా?" అంది.

వేశాను.

పటాల ఆవిడ ఎదురుగా కూర్చుని ఒకే గీతను మూడుసార్లు చెరిపి గీసింది. అక్క వెళ్ళాక, "మీ అక్కగారాండీ?" అని మాత్రం అడిగింది.

"అవును."

"మీలాగే కూర్చుంటారు," అంది.

మే 27, మంగళవారం

వాపసు ఉత్తరాన్ని నమోదు పుస్తకంలో ఎక్కించలేదు. ఈ పుస్తకంలో పెట్టాను. ఎందుకో తెలియదు. రేపు ఎక్కిస్తాను.

మే 28, బుధవారం

ఎక్కించలేదు.

సెక్షన్ ఆఫీసరు ఆర్డరు ముసాయిదా పెద్దసారు చూపించారు. నా పేరు ప్రక్కన పట్టా పేరు కూడా టైపు చేయించారు. నేను అడగలేదు. "చూసుకోండి, తప్పులేమైనా ఉన్నాయా?" అన్నారు. వెతికాను. ఒక్కటీ లేదు.

పదిహేను ఏళ్ళుగా ఈ కాగితం కోసం ఎదురుచూశాను. దానిని పట్టుకుంటే కిటికీలు లేని గదిలోకి పిలిచి తలుపు మర్యాదగా దగ్గరకు వేసినట్టు అనిపించింది. ఇంటికి వస్తే నా భార్య ఆ పేరు తెలియని మొక్కను కుండీలోకి మారుస్తోంది.

"దీనికి రోజూ నీళ్ళు కావాలట," అంది.

"ఎవరు చెప్పారు?"

"మీ అక్క. ఫోను చేశాను." మట్టి చేతులు దులుపుకుని నా వైపు చూడకుండా అంది: "మీ ఉద్యోగం లేని రోజుల్లో కూడా నేను మిషను తొక్కాను. ఇప్పుడు కాళ్ళేం పోలేదు."

నేను భోజనం చేయకుండా పడుకోవాలనుకున్నాను. ఆకలేసింది. తిన్నాను.

మే 29, గురువారం

ముద్రణ ఈ రోజు. మూడు వందల పన్నెండు పేజీలు, కమిటీకి నాలుగు ప్రతులు, ఆఫీసుకు ఒకటి. పెద్దసారు నిన్ననే తుది ప్రతి చూసి సంతకం పెట్టారు. యంత్రం దగ్గర ఉండవలసినది నేనొక్కణ్ణే. నూట పద్దెనిమిదవ పేజీ తెర మీద తెరిచాను. నాలుగు వందల పదిహేడు, ఎదురుగా తొమ్మిదవ జవాబు.

దానిని చెరిపాను. చెరపడానికి ఒక్క నిమిషం పట్టింది. మళ్ళీ వ్రాయడానికి ముప్పావు గంట. నాకు తెలిసిన మాటలన్నీ మనిషిని దాచేవే. చివరికి ఇలా వచ్చింది:

"ఈ అభ్యంతరం నిజం. ఆరవ బావిని నేను కొలిచాను. పిట్టగోడ ఎత్తు, రెండు ముప్పావు అడుగులు, తీసివేయడం మర్చిపోయాను. నీరు పద్నాలుగుంపావు అడుగుల లోతున ఉంది. గుంతకూ నీటికీ మధ్య నాలుగుంపావు అడుగులే ఉంటుంది. ఆరు ఉండాలి. మే 21న నేను సంతకం చేసిన ధ్రువపత్రం నిజం కాదు. నేను మళ్ళీ సరిచూడలేదు. నా కొలతల పుస్తకం నా దగ్గరే ఉంది. అడిగితే తెచ్చి చూపిస్తాను."

కింద నా పేరు వ్రాశాను. పట్టా పేరు వ్రాయలేదు. తరువాత వ్రాశాను. అది కూడా నిజమే కదా.

పటాల ఆవిడ పటాల పేజీలు ఇవ్వడానికి వచ్చి యంత్రం లోంచి వస్తున్న కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"నాకేం కనపడలేదండీ," అంది. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను."

కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. ఆ పేజీని ఐదు ప్రతుల్లోనూ తనే సరైన చోట పెట్టి, అంచులు బల్లకేసి తట్టి సమం చేసింది.

మే 30, శుక్రవారం

కమిటీ కార్యాలయంలో తపాలా కిటికీ మధ్యాహ్నం ఒంటిగంటకు మూస్తారు. పన్నెండున్నరకు చేరాను. గుమాస్తా నాలుగు ప్రతులూ లెక్కపెట్టి, ఒక్కొక్కటి బొటనవేలితో గలగలా తిప్పి, రసీదు చించి ఇచ్చాడు. నాలుగడుగులు వేశాను. ఆగిపోయాను.

ఇక్కడ గొప్పలు వ్రాసుకునే అవకాశం ఉంది. కాని ఇది వ్రాయక తప్పదు: నేను వెనక్కి వెళ్ళాను.

"అయ్యా, ఒక పేజీలో సవరణ ఉంది. ఒక్క నిమిషం వెనక్కి ఇస్తారా?"

"లోపలికెళ్ళిన కాగితం బయటికి రాదండీ."

"ఒక్క పేజీ మాత్రమే."

"అందరూ అదే అంటారు," అన్నాడు, కోపం లేకుండా. "తప్పులుంటే కమిటీవాళ్ళే పట్టుకుంటారు లెండి. దానికే ఉన్నారు." కిటికీ చెక్క సగం కిందికి దించాడు.

ఆ చెక్క ముందు కొంతసేపు నిలబడ్డాను. నా వెనక వరుసలో ఉన్నాయన, "అయిపోయిందా మాస్టారూ? అయితే జరగండి," అన్నాడు. జరిగాను.

మే 31, శనివారం

సోమవారం ఉదయం పెద్దసారు బల్ల మీద ఆఫీసు ప్రతి ఉంటుంది. ఆయన మొదట నీటి గురించిన జవాబులే చూస్తారు. అలవాటు. ఆ తరువాత ఏం జరుగుతుందో నాకు తెలియదు. నా చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి ఉంది. ఆఫీసుకు వెళ్ళే చొక్కాయే. నేనేమీ అడగకుండానే నా భార్య చేసింది.

ఈ పుస్తకాన్ని ఇకపై ఎవరెవరు చదవాలో వ్రాసి ముగిస్తున్నాను.

మొదట నా భార్య. ఆమె ఇప్పటికే చదువుతోందని నాకు తెలుసు. నూనె మరకలు ఇప్పుడు ఆరు పేజీల మీద ఉన్నాయి. ఇకపై వెలుతురులో కూర్చుని చదువుకోవచ్చు. బూట్ల గురించి ఆమె అన్న మాట నేను అనుమతి లేకుండా వాడుకున్నాను.

పెద్దసారు అడిగితే ఇవ్వాలి. మే 20 నాటి సంభాషణలో ఆయన అనని మాట ఏదైనా వ్రాసి ఉంటే గుర్తు పెట్టవలసిందని మనవి. ఆ రోజు ఆయన నాతో మర్యాదగానే మాట్లాడారు. అది కూడా వ్రాసే ఉంచాను.

కమిటీవారు అడిగితే కుట్టు మిషను కింది అరలోని కొలతల పుస్తకంతో కలిపి ఇవ్వాలి. ఆరవ బావి ప్రక్కన ఉన్న "పాస్" అనే మాట లెక్కలో భాగం కాదు. దానిని కొట్టివేయవద్దు.

వీరందరికంటే ముందు, అంటే నా భార్య చదివిన వెంటనే, ఇది మా అక్క చేతికి చేరాలి. ఆమె వాపసు ఉత్తరం మే 26 పేజీల మధ్యన ఉంది. ముద్ర వేసినా ఎక్కడా ఎక్కించలేదు. చింపే హక్కు ఆమెది.

అక్కా, నెమ్మదిగా చదువు. అక్షరాల్లో తప్పులు కనిపిస్తే దిద్దు, బొగ్గుతో దిద్దినా సరే. అంకెలు మాత్రం ముట్టుకోకు. ఈసారి గోడ ఎత్తు తీసేశాను.